‘విన్’ అంటే గెలవడమేనా? ఖనిజాన్ని ‘గెలవడం’ ఎలా కుదురుతుంది?

ప్రశ్న
అడిగినవారు: అనువాద విద్యార్థి

అందరికీ నమస్కారం. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదం చేయడం నేర్చుకోవడం మొదలుపెట్టి నాకు ఏడాది అయింది. ఇన్నాళ్లూ నన్ను ఇబ్బంది పెట్టినవి పొడవాటి, అరుదైన పదాలే కాబట్టి, మూడే అక్షరాలున్న ‘విన్’ అనే మాట దగ్గర ఆగిపోవలసి వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. ‘విన్ అంటే గెలుచు’ అని బడిలో నేర్చుకున్న అర్థంతోనే ఇంతకాలమూ నెట్టుకొచ్చాను. గత వారం అభ్యాసానికి ఇచ్చిన నాలుగు వాక్యాలలో మాత్రం ఆ అర్థం ఒక్కచోట కూడా సాఫీగా అమరలేదు.

మొదటిది గనుల చట్టంలోని వాక్యం. ‘మైనింగ్ ఆపరేషన్స్’ అంటే ఏమిటో నిర్వచిస్తూ, ‘విన్నింగ్ ఎనీ మినరల్’ కోసం చేపట్టే పనులు అని అందులో ఉంది. ‘ఏదైనా ఖనిజాన్ని గెలవడానికి చేపట్టే పనులు’ అని రాశాను. ఒకసారి పైకి చదువుకుని కొట్టివేశాను. ‘మైనింగ్’ అని ఉండవలసిన చోట ‘విన్నింగ్’ అని అచ్చయిందేమోనని కూడా అనుమానించాను. రెండవ వాక్యంలో ‘బ్రెడ్‌విన్నర్’ అనే మాట ఉంది. సంపాదనతో కుటుంబాన్ని పోషించే మనిషి అని భావం తెలుసు కనుక అనువాదం కష్టం కాలేదు గానీ, రొట్టెకూ గెలుపుకూ ఏమిటి సంబంధమో అర్థం కాలేదు. మూడవది ‘హర్ ఆనెస్టీ వన్ హర్ మెనీ ఫ్రెండ్స్’ అన్న వాక్యం. ఇందులో గెలిచింది ఆమె నిజాయితీయా, ఆమెనా అన్నది ఎంతసేపు చూసినా తేలలేదు. నాలుగవది ఇంగ్లీషులోకి మార్చవలసిన తెలుగు వాక్యం: ‘చివరి ఆటలో అతన్ని గెలిచాను’. దానికి నేను ‘ఐ వన్ హిమ్ ఇన్ ద లాస్ట్ గేమ్’ అని రాస్తే, దిద్దినవారు ‘వన్ హిమ్’ కింద ఎర్ర గీత గీశారు తప్ప ఎందుకు తప్పో రాయలేదు.

ఈ నాలుగింటినీ కలిపే సూత్రం ఏదైనా ఉందా, లేక వేటికవే కంఠస్థం చేయవలసిందేనా? అలాగే ‘విన్’ అనే నామవాచకానికీ ‘విక్టరీ’కీ మధ్య తేడా ఎక్కడ ఉందో కూడా తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.


సమాధానం 1
రాసినవారు: పదచరిత్ర ప్రియుడు

అనువాద విద్యార్థి గారికి నమస్కారం. మీరు చూసినది అచ్చుతప్పు కాదు. భారతదేశపు 1957 నాటి గనులు, ఖనిజాల చట్టంలో మూడవ సెక్షన్ గనుల కార్యకలాపాలను సరిగ్గా ఆ మాటతోనే నిర్వచిస్తుంది. గనుల ఇంగ్లీషులో బొగ్గును గానీ ముడి ఇనుమును గానీ ‘విన్’ చేయడమంటే, భూమిలో ఉన్నదాన్ని కష్టపడి చేతికి తెచ్చుకోవడం, అంటే వెలికితీయడం. అందువల్ల మీ వాక్యానికి ‘ఏదైనా ఖనిజాన్ని వెలికితీయడానికి చేపట్టే పనులు’ అన్నది చక్కగా సరిపోతుంది. చట్టాల భాష పాత అర్థాలను అంత తొందరగా వదులుకోదు కనుక, మామూలు మాటల్లో కనబడకుండా పోయిన ఒక పురాతన అర్థం అక్కడ చెక్కుచెదరకుండా మిగిలి ఉంది.

ఆ పాత అర్థం ఏమిటో చెబితే మీ మొదటి రెండు వాక్యాల చిక్కు ఒకేసారి విడిపోతుంది. ప్రాచీన ఇంగ్లీషులో ‘విన్నన్’ అనే క్రియకు శ్రమించడం, పెనుగులాడడం, పోరాడడం అని అర్థాలు ఉండేవి. ఆ శ్రమకు ఫలితం దక్కిందా లేదా అన్న విషయం ఆ మాటలో ఉండేది కాదు. దానికి ముందు ఒక చిన్న ఉపసర్గ చేరి ‘యెవిన్నన్’ అయినప్పుడే, శ్రమించి పొందడం, పోరాడి సాధించడం అన్న అర్థం వచ్చేది. తరువాతి కాలంలో ఇంగ్లీషులో ఆ ఉపసర్గ నోటి వాడుకలో అరిగి ఊడిపోయింది గానీ, అది తెచ్చిన అర్థం మాత్రం మూల క్రియకు అంటుకుని ఉండిపోయింది. యుద్ధంలోనో పోటీలోనో పైచేయి సాధించడం అన్న అర్థం 1300 ప్రాంతం నుంచి కనిపిస్తుంది. అంటే మనం బడిలో మొట్టమొదట నేర్చుకునే అర్థం ఆ మాట చరిత్రలో ఆలస్యంగా వచ్చి చేరినది.

చుట్టపు భాషలను చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఐస్‌లాండ్ భాషలో ‘విన్నా’ అనే మాటకు ఈనాటికీ పని చేయడం అనీ, గెలవడం అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. జర్మన్ భాషలో ‘గెవిన్నెన్’ అంటే గెలవడమూ అవుతుంది, ఖనిజాన్ని వెలికితీయడమూ అవుతుంది; దాని నామవాచకమైన ‘గెవిన్’కు లాభం అని అర్థం. శ్రమ, రాబడి, గెలుపు అనే మూడింటినీ ఒకే మాట మోస్తున్న ఈ భాషల మధ్య నిలబెట్టి చూస్తే, ‘బ్రెడ్‌విన్నర్’ వింతగా అనిపించదు. అక్కడి ‘విన్నర్’ ఎవరితోనూ పోటీపడడం లేదు. ఇంటిల్లిపాదికీ నాలుగు వేళ్లు నోట్లోకి వెళ్లడానికి ఒళ్లు వంచి సంపాదిస్తున్నాడు, అంతే.

ఇంకొంత వెనక్కి వెళ్తే నాకు ఎంతో ఇష్టమైన చోటికి చేరుకుంటాము. ఇంగ్లీషుకూ సంస్కృతానికీ లాటిన్‌కూ మూలమైన ఆదిమ భాషలో ‘వెన్’ అనే ధాతువు ఉండేదని భాషా శాస్త్రవేత్తలు నిర్ణయించారు. దాని అర్థం కోరడం, కోరినదాని కోసం ప్రయత్నించడం. సంస్కృతంలో అదే ‘వన్’ ధాతువైంది; కోరబడినది, ప్రేమించబడినది అన్న అర్థంలో ‘వనిత’ అనే మాట దాని నుంచే పుట్టింది. మనం రోజూ వాడే ‘వాంఛ’ కూడా ఆ ధాతువు సంతానమే. ఇంగ్లీషులోని ‘విష్’, రోమన్ల ప్రేమదేవత పేరు ‘వీనస్’ కూడా ఆ కుటుంబంలోనివే. ముందు కోరిక, ఆ తరువాత కోరినదాని కోసం పెనుగులాట, ఆపైన అది చేతికి రావడం అనే ఈ క్రమం ఒక్క మాట జీవితంలో ఇంత చక్కగా కనబడడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యాన్ని కలిగిస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ‘విన్’కూ ‘విక్టరీ’కీ మొదటి అక్షరాలు కలిశాయి కదా అని రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయనుకోకూడదు. ‘విక్టరీ’ అనేది జయించడం అన్న అర్థమున్న లాటిన్ క్రియ ‘విన్‌కెరె’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ‘కన్విన్స్’, ‘ఇన్విన్సిబుల్’ దాని తోబుట్టువులు. ఆ క్రియ ధాతువు వేరు, దాని అర్థంలో మొదటి నుంచీ ఉన్నది పోరాటమే. రూపంలో ఇంత దగ్గరగా ఉండి రక్తసంబంధం లేని మాటలు భాషల్లో తరచుగా తారసపడుతూనే ఉంటాయి.


సమాధానం 2
రాసినవారు: వ్యాకరణం చెప్పే మాస్టారు

పై సమాధానం మీ మొదటి రెండు వాక్యాలనూ తేల్చింది కాబట్టి, నేను మిగిలిన రెండింటికీ పరిమితమవుతాను. పిల్లలకు ఇంగ్లీషు చెప్పే పనిలో ‘ఐ వన్ హిమ్’ అన్న వాక్యాన్ని దిద్దకుండా నాకు ఒక్క సంవత్సరమూ గడవలేదు. తెలుగు బాగా వచ్చిన పిల్లలే ఈ తప్పు ఎక్కువగా చేస్తారు, ఎందుకంటే వారి తెలుగు వాక్యంలో ఏ లోపమూ లేదు. ఎర్ర గీత ఒక్కటే గీసి వదిలేస్తే, తాము ఎక్కడ పొరబడ్డారో వారికి ఎప్పటికీ తెలియదు.

తెలుగులో ‘గెలుచు’ అనే క్రియ విశాలమైనది. ఎదుటివాడు దానికి కర్మ కావచ్చు: శత్రువులను గెలిచాడు, ఇంద్రియాలను గెలిచినవాడు. ఒడ్డిన పణం కర్మ కావచ్చు: పాచికలాటలో శకుని రాజ్యాన్ని గెలిచాడు. పోటీయే కర్మ కావచ్చు, లేదా సప్తమితో రావచ్చు: పందెం గెలిచాడు, ఎన్నికల్లో గెలిచింది. ఇంగ్లీషు ‘విన్’ వీటిలో పోటీనీ, పోటీ వల్ల దక్కేదాన్నీ మాత్రమే కర్మగా తీసుకుంటుంది; ఎదుటివాడిని ఓడించడం ఆ క్రియ పని కాదు. ఆ పనికి ‘బీట్’, ‘డిఫీట్’ అనే వేరే క్రియలు ఉన్నాయి. అందుకే ‘ఐ వన్ హిమ్’ అన్న మాట వినగానే ఇంగ్లీషు చెవికి, అతన్నే ఎవరో బహుమతిగా పెట్టినట్టూ, పోటీలో నాకు అతను దక్కినట్టూ తోస్తుంది. క్రియ తరువాత వచ్చేది నా చేతికి వచ్చే వస్తువా, నాకు ఎదురు నిలిచిన మనిషా అని ఒక్క క్షణం ఆగి అడిగితే చాలు, ఈ తప్పు జరగదు.

ఈ తేడా ఎంత లోతైనదో ‘విన్’కు ఎదురు మాట అయిన ‘లూజ్’ను చూస్తే తెలుస్తుంది. ఇంగ్లీషువారు ఆటనూ ‘లూజ్’ అవుతారు, తాళంచెవినీ ‘లూజ్’ అవుతారు. వారి దృష్టిలో ఆ జంట ముఖ్యంగా దక్కడానికీ పోవడానికీ సంబంధించినది. మన ‘గెలుపు ఓటమి’ జంట పోటీకి సంబంధించినది. తాళంచెవిని పోగొట్టుకుంటాము గానీ ఓడిపోము. అయితే మన భాషలోనూ ఒకచోట ఈ రెండు దృష్టులూ కలిశాయి. ద్యూతసభలో ద్రౌపది వేసిన ప్రశ్న మనందరికీ తెలిసినదే: ధర్మరాజు నన్నోడి తన్నోడెనా, తన్నోడి నన్నోడెనా? ఇక్కడ ‘ఓడు’ అంటే ఎదుటివాడి చేతిలో పరాజయం పొందడం కాదు, ఒడ్డినదాన్ని కోల్పోవడం. ఇంగ్లీషు ‘లూజ్’కు ఇంతకంటే దగ్గరి తెలుగు ప్రయోగం నాకు కనబడలేదు. జూదం మాట వచ్చినప్పుడు మాత్రమే మన ‘గెలుచు’, ‘ఓడు’ క్రియలు పూర్తిగా ఆ ఇంగ్లీషు జంటలా ప్రవర్తిస్తాయి.

మిగిలిన చోట్ల ఈ పనిని తెలుగు ఒక చిన్న అనుబంధ క్రియతో చేస్తుంది. ‘కొను’ చేర్చి ‘గెలుచుకొను’ అన్నప్పుడు, దక్కినది తనకే చెందిందన్న అర్థం వస్తుంది: బహుమతి గెలుచుకున్నాడు, అందరి మనసులూ గెలుచుకుంది. ఓడించాడన్న అర్థంలో ‘అతన్ని గెలుచుకున్నాడు’ అని ఎవరూ అనరు. కనుక ‘విన్’ తరువాత దక్కే వస్తువు ఉన్నప్పుడు ‘గెలుచుకొను’ వైపు, పోటీ ఉన్నప్పుడు ‘గెలుచు’ వైపు మొగ్గడం మంచిది. సభలో తీర్మానాలకు, పట్టుదలలకు మనకు ‘నెగ్గు’ అనే మరో మంచి మాట ఉంది: బిల్లు నెగ్గింది, తన పంతం నెగ్గించుకుంది. తీర్మానం నెగ్గడాన్ని ఇంగ్లీషులో ‘విన్’తో చెప్పరు, ‘క్యారీడ్’ అంటారు.

ఇక మీ మూడవ వాక్యం. అక్కడ కర్త నిజాయితీ, లాభం పొందినది ఆమె, దక్కినవారు మిత్రులు. ఇంగ్లీషులో ‘విన్’ ఇలా రెండు కర్మలతో వచ్చినప్పుడు, కర్త తనకోసం గాక మరొకరికోసం సంపాదిస్తుంది. తెలుగులో దీనికి ‘కొను’కు ఎదురుగా నిలిచే ‘పెట్టు’ అనే అనుబంధ క్రియ సిద్ధంగా ఉంది. ‘ఆమె నిజాయితీ ఆమెకు ఎందరో మిత్రులను సంపాదించిపెట్టింది’ అనండి. ఈ వాక్యంలో గెలుపు అన్న మాటే లేదు, అయినా ఇంగ్లీషు వాక్యంలో ఉన్నదంతా వచ్చింది.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. భూతకాల రూపమైన ‘వన్’, ఒకటి అనే అంకెను తెలిపే ‘వన్’ వినడానికి ఒక్కటే. రాతలో మాత్రమే వేరు. దాన్ని ‘వోన్’ అని పలకవద్దు.


అనువాద విద్యార్థి

ఇద్దరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. చేతికి వచ్చేదా, ఎదురు నిలిచినదా అన్న మాస్టారి ప్రశ్నను పుస్తకం అట్ట మీద రాసుకున్నాను. అయితే దానితోనే మరో సందేహం పుట్టింది. ‘విన్’ తరువాత మనిషి రాకూడదంటే, ‘షీ వన్ హిమ్ ఓవర్’ అన్న వాక్యాన్ని నేను చదివిన చోట అది తప్పా? ‘ఏ విన్ ఓవర్ దెయిర్ రైవల్స్’ అని కూడా ఆటల వార్తలలో చూశాను. అలాగే ‘విక్టరీ’ గురించి ఇంకా ఎవరైనా చెబుతారని ఎదురుచూస్తున్నాను.


సమాధానం 3
రాసినవారు: ఆటల పుటలు దిద్దే ఉపసంపాదకురాలు

‘ఓవర్’ విషయంలో నేను చెప్పగలను, ఎందుకంటే ఇది నా బల్ల మీదికి వారానికి ఒకసారైనా వచ్చే చిక్కు. ‘విన్ ఓవర్’ క్రియగా వచ్చినప్పుడు ఎదుటి మనిషిని ఓడించడం కాదు, ఒప్పించి తనవైపు తిప్పుకోవడం. మాస్టారు చెప్పిన సూత్రం ఇక్కడ కూడా చెల్లుతుంది: తనవైపు తిరిగిన మనిషి తన చేతికి వచ్చినట్టే కదా. ‘షీ వన్ హిమ్ ఓవర్’ అంటే ‘ఆమె అతన్ని తనవైపు తిప్పుకుంది’. అదే ‘విన్’ నామవాచకంగా ఉండి, దాని తరువాత ‘ఓవర్’ వస్తే, అది ఫలానా జట్టుపై గెలుపు. కాబట్టి ‘ఏ విన్ ఓవర్ దెయిర్ రైవల్స్’ సరైనదే, ‘దే వన్ ఓవర్ దెయిర్ రైవల్స్’ అని రాస్తే మాత్రం ప్రత్యర్థులను మాటలతో మెప్పించి మిత్రులను చేసుకున్నారని అర్థం వస్తుంది. మన ‘జట్టుపై గెలిచింది’లోని ‘పై’ని మక్కికి మక్కీ దించితే ఇలాగే జరుగుతుంది, ఆ చోట ‘అగెనెస్ట్’ అనాలి.

వార్తలు తెలుగు చేసేటప్పుడు మరో రెండు చోట్ల జాగ్రత్త కావాలి. ‘ఈజ్ విన్నింగ్’ అని వర్తమానంలో ఉంటే, ఆ మనిషి ఇంకా గెలవలేదు. ఆధిక్యంలో ఉన్నాడు, అంతే. ఓట్ల లెక్కింపు జరుగుతుండగా వచ్చిన వార్తలో దీన్ని ‘గెలిచారు’ అని అనువదిస్తే పెద్ద పొరపాటవుతుంది. ఇక క్రికెట్‌లో ‘వన్ బై సిక్స్ వికెట్స్’ అన్నప్పుడు మనం ‘6 వికెట్ల తేడాతో గెలిచింది’ అంటాము. ఇంగ్లీషు ఒక్క ‘బై’తో సరిపెట్టినదాన్ని మనం ‘తేడాతో’ అని విప్పి చెబుతాము. అయితే ఈ తేడా పరుగుల తేడా లాంటిది కాదు. రెండవసారి బ్యాటింగ్ చేసిన జట్టు లక్ష్యాన్ని చేరుకున్నప్పుడు దాని చేతిలో ఇంకా ఎన్ని వికెట్లు మిగిలాయో అది చెబుతుంది. మొదట బ్యాటింగ్ చేసిన జట్టు గెలిస్తే లెక్క పరుగుల్లో ఉంటుంది.

చదరంగం వార్తలలో కనబడే ‘వన్ పొజిషన్’ అనే మాటను మా దగ్గర కొత్తగా చేరినవారు ఎప్పుడూ ‘గెలిచిన స్థితి’ అని రాస్తారు. ఆ స్థితిలో ఆట ఇంకా ముగియలేదు. తప్పు ఎత్తు వేయకుండా ఆడితే గెలుపు ఖాయమైన స్థితి అది. ఒక్క ఎత్తు తప్పితే డ్రా కావచ్చు, ఓటమి కూడా కావచ్చు. ఒక ఆటగాడికి అలాంటి స్థితి చేతిలో ఉండి, గడియారంలో సమయం నిమిషం లోపుకు పడిపోయినప్పుడు, గెలిపించే ఎత్తు ఎక్కడో ఉందని తెలిసి కూడా దొరకక ఏనుగు మీదికి చేయి చాచి, తాకకుండానే వెనక్కి తీసుకుంటుండడం నేను దగ్గరగా చూశాను. ‘గెలిచిన’ అన్న తెలుగు మాటలో ఆ యాతనకు చోటు లేదు. మేము దాన్ని ‘గెలుపు స్థితి’ అని రాస్తాము.

మాస్టారితో ఒక చిన్న విభేదం కూడా చెప్పవలసి ఉంది. పోటీ పెట్టి ఇచ్చే బహుమతిని గెలుచుకోవడం బాగానే ఉంది. ఒక జీవితకాలపు సేవకు గుర్తింపుగా ఇచ్చే పురస్కారం విషయంలో ఇంగ్లీషు ‘వన్’ అన్నది కదా అని మనం కూడా ‘గెలుచుకున్నారు’ అంటే, ఆ పెద్దమనిషి దానికోసం ఎవరితోనో పోటీపడినట్టు వినిపిస్తుంది. అక్కడ ‘అందుకున్నారు’, ‘స్వీకరించారు’ అన్నవే నాకు మర్యాదగా తోస్తాయి.


సమాధానం 4
రాసినవారు: సంస్కృతాంధ్ర పాఠకురాలు

ఉపసంపాదకురాలి గారి చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ‘పురస్కారం ఆయనను వరించింది’ అనడం కూడా మనకు అలవాటే. ఎన్నికలలోనూ యుద్ధాలలోనూ ‘విజయలక్ష్మి వరించింది’ అంటాము. స్వయంవరంలో కన్య వరుణ్ని ఎంచుకున్నట్టు, విజయమే వీరుణ్ని ఎంచుకుంటుందన్న ఊహ అందులో ఉంది. ‘విన్’ మూలంలో గెలిచేవాడు కోరుతున్నాడు, మన మాటలో విజయమే అతన్ని కోరుతున్నది.

‘విక్టరీ’కీ ‘విన్’కూ ఉన్న తేడాను తెలుగు పాఠకులకు చెప్పడం సులభం, ఎందుకంటే మన ‘విజయం’, ‘గెలుపు’ల మధ్య కూడా దాదాపు అదే తేడా ఉంది. ‘విన్’ ఇంటి మాట, ‘విక్టరీ’ లాటిన్ నుంచి వచ్చిన గంభీరమైన మాట. ‘గెలుపు’ మన నేల మాట, కన్నడంలో ‘గెలువు’ అని దానికి తోబుట్టువు ఉంది. ‘విజయం’ సంస్కృతం నుంచి వచ్చిన మాట. లీగ్ పట్టికలో ఒక జట్టుకు ఎన్ని ‘విన్స్’ వచ్చాయో లెక్కపెడతారు. 1765లో జలప్రవేశం చేసి, 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ నౌకగా నిలిచిన ఓడ పేరు ‘విక్టరీ’. ఆ ఓడకు ‘విన్’ అని పేరు పెట్టడం ఊహకైనా అందదు. మనం కూడా పిల్లలకు విజయ, విజయుడు అని పేర్లు పెట్టుకుంటాము గానీ, ‘గెలుపు’ అని పెట్టుకోము. అర్జునుడి పది పేర్లలో విజయుడు ఒకటి కదా.

ఆ గంభీరత వల్లనే చరిత్ర ఘట్టాలు ‘విక్టరీ’ చుట్టూ చేరాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో రెండు వేళ్లు విప్పి చూపే గుర్తు ఆ మాట మొదటి అక్షరానిదే. 1941 జనవరిలో బెల్జియం రాజకీయ నాయకుడు విక్టర్ డి లవలే, బీబీసీ ప్రసారంలో ఆ అక్షరాన్ని ప్రతిఘటన చిహ్నంగా వాడమని తన దేశీయులను కోరాడు. ఫ్రెంచిలో విజయానికీ, డచ్చిలో స్వేచ్ఛకూ అదే మొదటి అక్షరం. క్రీస్తుపూర్వం 279లో అస్కులమ్ దగ్గర రోమన్లను ఓడించి, ఆ ప్రయత్నంలో తన సైన్యంలోని ఉత్తమ భాగాన్ని కోల్పోయిన ఎపిరస్ రాజు పిర్రస్ పేరు మీదుగా ‘పిరిక్ విక్టరీ’ అనే మాట వచ్చింది. గెలిచినవాడినే కుంగదీసే గెలుపు అది. ఆ పలుకుబడిలో ‘విక్టరీ’ బదులు ‘విన్’ పెట్టి చూడండి, మాట బరువు తగ్గిపోతుంది. ‘ట్రయంఫ్’ దీనికంటే ఇంకొంచెం పైమెట్టు. రోమ్ నగరంలో గెలిచి వచ్చిన సేనాని నాలుగు గుర్రాల రథమెక్కి సాగించిన ఊరేగింపు పేరది. కాబట్టి అందులో గెలుపుతో పాటు దాన్ని చాటుకునే ఆనందం కూడా ఉంటుంది. ‘విజయోత్సవం’, ‘ఘనవిజయం’ అన్నవి సందర్భాన్ని బట్టి దానికి దగ్గరగా వస్తాయి.

వ్యాకరణంలో ఒక విశేషం గమనించదగినది. ‘విక్టరీ’కి సొంత క్రియ లేదు. అందుకే దాన్ని కూడా ‘విన్ ఏ విక్టరీ’ అని ‘విన్’తోనే చెప్పవలసి వస్తుంది. దాన్ని ‘విజయాన్ని గెలిచారు’ అని రాసిన అనువాదాలు చూశాను. మనకు ‘విజయం సాధించారు’ అన్న మాట నోటిలోనే ఉంది. సంస్కృతంలో మాత్రం జయమూ అపజయమూ ఒకే క్రియ నుంచి పుడతాయి. ‘జి’ ధాతువుకు ‘వి’ చేరితే విజయం, ‘పరా’ చేరితే పరాజయం. పాణిని ‘విపరాభ్యాం జేః’ అన్న సూత్రంలో ఈ రెండు ఉపసర్గలనూ పక్కపక్కనే నిలబెట్టి, రెండింటికీ ఒకే నియమం చెప్పాడు. విజయతే, పరాజయతే అని రెండూ ఆత్మనేపదంలోనే, అంటే సంస్కృత క్రియలకుండే రెండు రకాల ప్రత్యయాలలో ఒక రకంతోనే నడుస్తాయి.


అనువాద విద్యార్థి

అందరికీ మరొకసారి కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ దగ్గర పెట్టుకుని నా నాలుగు వాక్యాలనూ తిరగరాశాను. మొదటిది ‘ఏదైనా ఖనిజాన్ని వెలికితీయడానికి చేపట్టే పనులు’. రెండవదానిలో ‘బ్రెడ్‌విన్నర్’ను ‘కుటుంబ పోషకురాలు’ అన్నాను, ఎందుకంటే ఆ వాక్యంలో సంపాదిస్తున్నది తల్లి. ఇంతకుముందు చూసుకోకుండా పురుషవాచకం వాడాను. మూడవది మాస్టారు చెప్పిన వాక్యమే, కాకపోతే ‘ఆమె’ రెండుసార్లు రాకుండా ‘తన నిజాయితీయే ఆమెకు ఎందరో మిత్రులను సంపాదించిపెట్టింది’ అని మార్చాను. నాలుగవది ‘ఐ బీట్ హిమ్ ఇన్ ద లాస్ట్ గేమ్’. వీటికి తోడు కొత్తగా వచ్చిన పాఠంలో ‘ఏ విన్నింగ్ స్మైల్’ అని ఉంది. దాన్ని ‘గెలుచుకునే చిరునవ్వు’ అనవచ్చా?


వ్యాకరణం చెప్పే మాస్టారు

మూడవ వాక్యంలో మీరు చేసిన మార్పు నాదానికంటే బాగుంది. పురస్కారాల విషయంలో ఉపసంపాదకురాలి గారు చెప్పిన సవరణను కూడా ఒప్పుకుంటున్నాను. చిరునవ్వు దగ్గర ‘గెలుచుకునే’ అని ఆపేస్తే, దేన్ని గెలుచుకుంటుందన్న ప్రశ్న మిగిలిపోతుంది. తెలుగులో ఆ క్రియకు కర్మ కావాలి. ‘మనసులను గెలుచుకునే చిరునవ్వు’ అనండి, లేదా కథ నడకకు అంత పొడవు ఇమడకపోతే ‘ఆకట్టుకునే చిరునవ్వు’ అనండి. అదే పాఠంలో ‘విన్నింగ్స్’ అని బహువచనంలో కూడా వస్తే, అది ఆ చిరునవ్వుకు సంబంధించినది కాదు. జూదంలోనో పందెంలోనో వచ్చిన సొమ్ము.